పోలండ్ జాతీయగీతం: టోపీ, ‘వ’లు రెండు, ఒక శనివారం

పోలండ్‌లో ఉద్యోగానికి వచ్చినవాళ్లకు అక్కడి జాతీయగీతం ‘మజూరెక్ దొంబ్రోఫ్‌స్కియెగో’ మే 3న (రాజ్యాంగ దినం) గానీ నవంబరు 11న (స్వాతంత్ర్య దినం) గానీ వినపడి తీరుతుంది. లేచి నిలబడటం మనకు అలవాటే. 1980 నాటి చట్టం కోరేదీ దాదాపు అంతే: గౌరవంగా, నిశ్శబ్దంగా నిలబడాలి, మామూలు దుస్తుల్లో ఉన్న మగవాళ్లు టోపీ తీయాలి. నవంబరు చలికి చెవులదాకా లాక్కున్న ఉన్ని టోపీ అయినా సరే. గుండెమీద చెయ్యి అక్కర్లేదు. మన గీతం 52 సెకన్లలో అయిపోతుంది, ఇక్కడ చరణాలు నాలుగు, ప్రతిదాని తర్వాతా పల్లవి. పక్కవాళ్లు కదిలేదాకా కూర్చోకండి.

గొంతు కలపాలనుకుంటే మనకు చిక్కు ‘వ’ దగ్గరే. పోలిష్‌లో అవి రెండు: పళ్లు కింది పెదవికి తగిలేది ఒకటి, పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది ఒకటి. మన ‘వ’ ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. విస్వా నది పేరులో రెండూ వస్తాయి, దాంతో సాధన చేయొచ్చు. మొదటి పాదంలోని ‘జ్‌గినెవా’లో ఉన్నది గుండ్రటిది. ‘ౘో నమ్’ దగ్గర మాత్రం తెలుగువాళ్లు అదృష్టవంతులు: చాప, చలి అనేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు పలికే ‘ౘ’నే అది.

‘మేం బతికుండగా పోలండ్ ఇంకా నశించలేదు’ అన్న ఆ పాదంలోనే ‘క్యెడి’ అని ఒక మాట ఉంది. ఇప్పటి భాషలో దానికి ‘ఎప్పుడు’ అని అర్థం, పాత భాషలో ‘ఉన్నంతవరకు’ అని. అందుకే పోలిష్‌వాళ్లే దాన్ని తీసేసి ఇప్పటి మాట పెట్టి పాడేస్తుంటారు. పక్కవాణ్ని విని నేర్చుకుంటే తప్పే నేర్చుకుంటారు.

ఇది పరాయిగడ్డ మీద పుట్టిన పాట. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలండ్‌ను పటంలోంచే చెరిపేశాక, ఇటలీలో జనరల్ దొంబ్రోఫ్‌స్కి కింద చేరిన పోలిష్ సైనికుల కోసం 1797 జులైలో యూజెఫ్ విబిత్‌స్కి రెజ్జోలో రాశాడు. పల్లవిలోని ‘ఇటలీ నేలనుంచి పోలండ్‌కు’ అన్న మాట అక్కడిదే. (దాన్ని తారుమారు చేసి పాడి నవ్వులపాలైన నాయకుడూ ఉన్నాడు.) జాతీయగీతం అయింది 1927లో. రెండో చరణంలో బోనపార్ట్ పేరుంది, ఇటలీ జాతీయగీతంలో పోలండ్ రక్తం ప్రస్తావన ఉంది. ఆఫీసులో సెర్బియా సహోద్యోగి ‘ఇది మా పాత బాణీ కదా’ అంటే వాదించకండి: 1834లో స్లొవాక్ కవి సామువెల్ తొమాషిక్ ఇదే బాణీకి రాసిన పాటే తర్వాత యుగోస్లావియా గీతమైంది. వాళ్లది నెమ్మదిగా సాగుతుంది, ఇది మజూర్కా అనే పోలిష్ నృత్యపు నడక.

ఇక సెలవు సంగతి. మే 3, నవంబరు 11 రెండూ చట్టబద్ధ సెలవులే. 2025 మే 3లాగా సెలవు శనివారం పడితే, శనివారం పని లేని ఉద్యోగికి యజమాని బదులుగా మరో రోజు ఇవ్వాలి, పనిగంటల లెక్క తేల్చే కాలవ్యవధి ముగిసేలోపు. ‘ఉమోవా ఓ ప్రాౘె’ (ఉద్యోగ ఒప్పందం) ఉన్నవాళ్లకే ఈ హక్కు. ‘జ్లెౘెన్యె’ (ఉద్యోగంగా లెక్కకు రాని, పని అప్పగింత ఒప్పందం) కాగితం మీద పనిచేసేవాళ్లకు లేదు.