శాక్రమెంటో చెట్లు, డేవిడ్ ఫ్రీమన్ లెక్క

ఎస్. డేవిడ్ ఫ్రీమన్ సివిల్ ఇంజినీరు, ఆ తర్వాత లా చదివారు. 1961లో అమెరికా ఫెడరల్ పవర్ కమిషన్‌లో చేరి, అక్కణ్ణుంచి వైట్‌హౌస్‌లో ఇంధన విధానం దాకా వెళ్లారు. వాడకం పెరిగే వేగాన్ని తగ్గిస్తే కట్టాల్సిన ప్లాంట్లే తగ్గుతాయన్నది ఆయన పట్టు. ఫైల్లో అలా రాయడం తేలికే. దాన్ని నడిపి చూపాల్సిన బాధ్యత 1977లో వచ్చింది, అధ్యక్షుడు కార్టర్ ఆయన్ని ప్రభుత్వ విద్యుత్ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ (టీవీఏ) బోర్డులో వేసినప్పుడు.

అప్పటి కరెంటు సంస్థలది ఒకటే లెక్క: ఏటా 7 శాతం పెరుగుదల, అంటే పదేళ్లకు వాడకం రెట్టింపు. ఆ నమ్మకంతోనే టీవీఏ 17 అణు రియాక్టర్లు తలపెట్టింది. తీరా ధరలు పెరిగి వాడకం నెమ్మదించింది. ప్లాంటు ఒక్క యూనిట్ అమ్మకముందే అప్పు మీద వడ్డీ పడుతుంది, చివరికి అది బిల్లులోకే వస్తుంది. 1982, 1984ల్లో 8 రియాక్టర్లు రద్దయ్యాయి. ఇళ్ల పైకప్పు కింద ఇన్సులేషన్ (వేడి, చలి లోపలికి రాకుండా ఆపే పొర) వేయించుకోవడానికి మాత్రం సంస్థే వడ్డీలేని అప్పులిచ్చింది.

నాకు ఆయన పనిలో అన్నిటికంటే గొప్పగా కనిపించేది కాలిఫోర్నియాలోని శాక్రమెంటో. 913 మెగావాట్ల రాంచో సెకో అణుకేంద్రాన్ని 1989 జూన్‌లో ఓటర్లే మూయించారు. మరుసటి ఏడాది ఫ్రీమన్ అక్కడి విద్యుత్ సంస్థ మేనేజరుగా వచ్చారు. లోటు పూడ్చే మార్గాల్లో ఒకటి చెట్లు. ఎండాకాలం సాయంత్రం ఏసీలతోనే పీక్ లోడ్ (రోజులో అత్యధిక వాడకం) వస్తుంది, ఆ వేళ ఎండ పడమటి గోడ మీద కొడుతుంది. అందుకే పడమటి వైపు చెట్టుకు విలువ ఎక్కువ, ఉత్తరం వైపు చెట్టుతో ఏసీ కరెంటులో పెద్దగా మిగిలేదేమీ లేదు. ఆకు రాల్చే జాతైతే చలికాలంలో ఎండను ఆపదు. నీడ రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, మధ్యలో నీళ్లు పోయకపోతే మొక్క పోయినట్టే.

వాడకం తగ్గించే ఇంకో దారి ఫ్రిజ్‌లు. కొత్తది కొనడానికి రాయితీ ఇస్తే సరిపోదు. పాతది గ్యారేజీలో రెండో ఫ్రిజ్‌గా నడుస్తూనే ఉంటుంది. అందుకే దాన్ని ఇంటికొచ్చి తీసుకెళ్లి తుక్కు చేయాలి.

1997 నుంచి 2001 దాకా లాస్ ఏంజెలెస్ నగర విద్యుత్ సంస్థ ఆయన చేతిలో ఉంది. ప్రైవేటు సంస్థలు ప్లాంట్లు అమ్ముకుని రోజువారీ మార్కెట్లో కరెంటు కొంటుంటే, ఈ సంస్థ తన ప్లాంట్లు తన దగ్గరే ఉంచుకుంది. కాలిఫోర్నియా కోతల్లో అల్లాడినప్పుడు ఆ నగరానికి కోతల్లేవు. 2001లో గవర్నర్ డేవిస్ తరఫున రాష్ట్రానికి దీర్ఘకాలిక ఒప్పందాలు కుదిర్చింది కూడా ఫ్రీమనే. కానీ ధరలు మండిపోతున్నప్పుడు బేరం కుదిరింది. కొన్ని నెలలకే మార్కెట్ దిగొచ్చింది, ఒప్పందం ధరలు అలాగే ఉండిపోయాయి.