టీ వాళ్ళది, బజ్జీలు మావి

మన విజయనగరం కాలేజీ బ్యాచ్ మళ్ళీ కలిసే రోజుకి తెస్తున్న సంచికకి ఏదైనా రాయమని కమిటీ తరఫున సాలూరు (హాస్టల్లో ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళంగా) మూడుసార్లు ఫోన్ చేశాడు. వాడు నాలుగోసారి చేస్తే ఎలా ఉంటుందో మీకందరికీ తెలుసు, అందుకే కూర్చున్నాను. 1975లో చేరాం, 1978లో బయటికొచ్చాం. ఆ మూడేళ్ళలో నా కళ్ళముందు ఇప్పటికీ కదిలేది ఒక రాత్రి, దాని వెనకే వచ్చిన పంచాయితీ.

1977 మార్చి 20, లోక్‌సభ ఎన్నికల ఓట్లు లెక్కిస్తున్న రాత్రి. మూడు లాంతర్ల దగ్గర మన కొట్టు, అదే బల్ల, అదే రేడియో. అటు కాంగ్రెస్ వైపు బొబ్బిలి, చీపురుపల్లి. ఇటు జనతా వైపు నేను, పార్వతీపురం. ఎమర్జెన్సీలో ఏడాదిన్నర హాస్టల్ గది తలుపులు వేసుకుని గుసగుసలాడినవాళ్ళం. జనవరిలో ఎన్నికలు ప్రకటించగానే ఆ బాకీ అంతా ఆ బల్ల మీదే తీర్చేశాం. పందెం గుర్తుందిగా, ఓడినవాళ్ళు హాస్టల్ మొత్తానికి టీ, బజ్జీలు పెట్టాలి.

తెల్లారేసరికి రాయబరేలీలో ఇందిరాగాంధీ ఓడిపోయారని తేలిపోయింది. పార్వతీపురం బల్లెక్కాడు. బొబ్బిలి ఆ పూట మెస్సుకి రాలేదు. తీరా మన రాష్ట్రం లెక్క తెలిస్తే 42లో 41 కాంగ్రెస్‌వే. జనతాకి నంద్యాల ఒక్కటే, అదీ నీలం సంజీవరెడ్డిగారు నిలబడ్డారు గనక. బొబ్బిలి మంచం దిగి మా గదికొచ్చాడు.

"ఏట్రా, ఇప్పుడు చెప్పు, ఎవడు ఓడినట్టు?"

రెండు రోజులు మాటల్లేవు. చివరికి అందరం కలిసి అయ్యకోనేరు గట్టు మీదుగా ఎకనామిక్స్ మాస్టారింటికి వెళ్ళాం. ఆయన తీర్పు చెప్పలేదు, ప్రశ్న వేశారు. "ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లలో ఒక్కటీ దక్కని పార్టీకి ఇక్కడ 41 ఎలా వచ్చాయి నాయనా?"

రైల్వేలో పనిచేసే మా మేనమామ చెప్పిన సంగతి చెప్పాను. అక్కడ బడిపంతుళ్ళకి కూడా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోటా పెట్టారని, కోటా నిండకపోతే జీతం ఆపారని. బొబ్బిలి చాలాసేపు ఊరుకుని, "మా వీధిలో ఏడు ఇళ్ళకి స్థలం పట్టాలొచ్చాయి సార్. అర్జీలు నేనే రాశాను" అన్నాడు. ఏడాదిన్నరగా పక్క గదిలో ఉన్నవాడు. ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగనూ లేదు.

మాస్టారు అప్పుడు తేల్చారు. "దేశంలో ఓడినవాళ్ళు టీ పొయ్యండి. రాష్ట్రంలో ఓడినవాళ్ళు బజ్జీలు పెట్టండి." ఆ సాయంత్రం కొట్టులో శనగపిండి అయిపోయింది.

నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు, గంటస్తంభం నుంచి బట్టలు, బియ్యం పోగుచేసిన రిక్షాకి ఎవరి జెండా కట్టాలన్న మాటే రాలేదు. ముందు బొబ్బిలి లాగాడు, వెనక నుంచి నేను తోశాను. కోట దగ్గర చక్రం ఊడినప్పుడు బస్తాలు మోసిందెవరో మోసినవాళ్ళకి తెలుసు. మిగతా ఫైనలియర్ అంతా పరీక్షలే.

ఒకటి చెప్పాలి. అప్పుడు నాది విశాఖ జిల్లా, వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్ 1న అందరం విజయనగరం జిల్లావాళ్ళం అయ్యాం. 2022లో పార్వతీపురం, సాలూరు మళ్ళీ విడిపోయాయి. వాళ్ళిద్దరూ మాత్రం పైడితల్లి సిరిమానుకి ఏటా మా ఇంట్లోనే దిగుతారు.

నేను బ్యాంకులో గుమస్తాగా చేరి రీజనల్ మేనేజరుగా రిటైరయ్యాను. ఉద్యోగుల సంఘంతో చర్చలంటే పైవాళ్ళు నన్నే పంపేవారు. ఎదుటివాళ్ళ అర్జీ పూర్తిగా చదివాకే గదిలోకి వెళ్ళేవాణ్ణి. మా అమ్మాయి లాయరు. వాదనలో నన్ను మించిపోయింది, ఆ మాట రాయడం నాకెంతో సంతోషం.

కమిటీకి ఒక్క మనవి. కలిసే రోజు బజ్జీలు నావి, ఆ ఖర్చు లెక్కలో రాయొద్దు. టీ బొబ్బిలిది. వాడి కప్పులో పంచదార వెయ్యకండి, డాక్టరు వద్దన్నాడు.