తుప్పుపట్టిన ఎంజీబీ కోసం మూడుసార్లు వెళ్లాను

షెడ్డు తలుపు తీయగానే మొదట కనబడింది దాని గ్రిల్లు. క్రోము బంపరు దుమ్ము కింద మసకబారిపోయింది. ఒక టైరు గాలంతా పోయి నేలకు అతుక్కుపోయింది. టాపు గుడ్డను ఎలుకలు కొట్టేస్తే పీలికలై వేలాడుతోంది. అయినా ఆ ముఖం చూడగానే గుండె ఝల్లుమంది. చిన్నప్పుడు బొమ్మల్లో చూసి మనసు పారేసుకున్న కారు అది, గుడ్డ టాపుతో ఉండే రెండు సీట్ల బ్రిటిష్ కారు, ఎంజీబీ రోడ్‌స్టర్.

"కదిలించి పన్నెండేళ్లయింది బాబూ," అన్నారు కారు అమ్ముతున్న పెద్దాయన. "ఇంజిన్ మాత్రం బంగారం. దాన్ని చూసి తీసుకో."

ఆ రోజు నేను నిజానికి ఏమీ పరీక్షించలేదు. లోపల కూర్చున్నాను. స్టీరింగ్ పట్టుకున్నాను. పాత తోలు, ఆయిలు, తడి కలిసిన వాసన పీల్చాను. గంటసేపు అలా గడిచిపోయింది. బయానా ఇచ్చేద్దామని జేబులో చెయ్యి కూడా పెట్టాను. పెద్దాయనే ఆపారు. "రెండు రోజులు ఆలోచించుకో బాబూ, కారెక్కడికీ పోదు," అన్నారు. ఆ మాటకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇంటికొచ్చాక తల చల్లబడింది. ఎంజీబీ అరుదైన కారేమీ కాదు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా, గట్టి కప్పుండే జీటీ రకంతో కలిపి అయిదు లక్షలకు పైగా తయారైంది. దీన్ని వదులుకున్నా ఇంకొకటి దొరుకుతుంది. చిన్న నట్టు దగ్గర్నుంచి మొత్తం బాడీ దాకా కొత్తవి చేసేవాళ్లూ ఉన్నారు. తొందరపడక్కర్లేదని అర్థమయ్యాక ఊపిరి తేలికైంది.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. దీనికి ముందొచ్చిన ఎంజీఏకి విడిగా చాసిస్, అంటే అడుగున ఇనప ఫ్రేము, ఉండేది, బాడీ దాని మీద కూర్చునేది. ఎంజీబీకి అలా విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. పైగా రోడ్‌స్టర్‌కి గట్టి కప్పు లేదు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఆ బరువుని వంగకుండా ముఖ్యంగా మోసేది తలుపుల కింద పొడవునా ఉండే రెండు పెట్టెలే. వాటినే సిల్స్ అంటారు. బయట కనబడే రేకు వెనకాల నిలువుగా ఇంకో రేకు, లోపలి రేకు, అడుగున కోటగోడ మీది పళ్లలా ఉండే క్యాజిల్ రైల్, ఇవన్నీ కలిస్తేనే ఒక సిల్. అది మెత్తబడితే కారు నడుము విరిగినట్టే. ఇంజిన్ బంగారమైనా అప్పుడు ఏం లాభం?

అందుకని రెండోసారి సామాను పట్టుకుని వెళ్లాను. టార్చి, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, మొన అరిగిన స్క్రూడ్రైవరు, వైరు బ్రష్షు, జాకీ, రెండు స్టాండ్లు, పడుకోవడానికి పాత చాప, ఒక నోటుపుస్తకం. పొడిచి చూడొచ్చా అని ముందే పెద్దాయన్ని అడిగాను. అడక్కుండా ఎవరి కారునీ పొడవకూడదు.

నోటుపుస్తకంలో రెండు పేజీలు పెట్టుకున్నాను. ఒకదాని మీద "పానాతో ఊడేవి" అని, రెండోదాని మీద "కోసి వెల్డింగ్ చెయ్యాల్సినవి" అని రాశాను. నిర్ణయం తీసుకునేటప్పుడు నాకు నిజంగా ఉపయోగపడింది ఈ రెండు పేజీలే.

చూసినవాళ్లెవరైనా భయపడేది మొదటి పేజీలో ఉన్నవాటిని చూసే. హెడ్‌లైట్ల వెనక ముందు మడ్‌గార్డుల పైభాగాన్ని తుప్పు తిని వేలు దూరేంత కంతలు పడ్డాయి. తలుపుల అడుగంచులు పెచ్చులు పెచ్చులుగా లేస్తున్నాయి. డిక్కీ మూత అంచు చేత్తో నలిపితే పొడి రాలింది. ఫోటోలో చూస్తే ఎవరైనా ఇనప సామానుకి వెయ్యమంటారు. కానీ ఈ కారుకి ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి. బానెట్టు, తలుపులు, డిక్కీ మూత కూడా అంతే. ఊడదీసి కొత్తవి పెట్టుకోవచ్చు. అవి వికారంగా కనబడతాయి గానీ కారు ప్రాణం వాటిలో లేదు.

తర్వాత చాప పరిచి సిల్స్ దగ్గర పడుకున్నాను. ఎడమవైపు రంగు బుడగలు బుడగలుగా లేచింది, అక్కడక్కడా చిల్లులు. ఉన్నది ఉన్నట్టు కనబడే తుప్పు. కుడివైపు చూస్తే ఆశ్చర్యం, నున్నగా, మెరుస్తూ, ఒక్క మచ్చ లేదు. నాకు అదే అనుమానం కలిగించింది. పన్నెండేళ్లు ఒకే షెడ్డులో ఉన్న కారుకి ఒక పక్క తిని ఇంకో పక్క కొత్తగా ఎలా ఉంటుంది?

అయస్కాంతం ఎడమ సిల్‌కి టక్కుమని అంటుకుంది. కుడి సిల్ మీద పెడితే జారి నా చాప మీద పడింది. నాలుగు వేళ్లు ముందుకు జరిపి మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది. స్క్రూడ్రైవరు పిడితో తట్టితే రేకు మోగలేదు, మొద్దుగా, మట్టిగోడ మీద తట్టినట్టు వినబడింది. మొనతో కొంచెం గీకాను. రంగు, దాని కింద గులాబీ రంగు పుట్టీ, దాని కింద రివెట్లు కొట్టిన పల్చటి రేకు. ఆ రేకు అంచుకీ నేలకీ మధ్యనుంచి టార్చి వేస్తే లోపల పాత సిల్ తాలూకు ఎర్రటి ముక్కలు కనబడ్డాయి. నీళ్లు కారిపోవడానికి కంపెనీ వదిలిన రంధ్రాలు కూడా పుట్టీతో మూసుకుపోయాయి. అంటే లోపలికి చేరిన తడికి బయటికి దారే లేదు.

తుప్పు కంటే ఇలాంటి రిపేరే కారుకి ఎక్కువ ద్రోహం చేస్తుందని నేను నమ్ముతాను. తుప్పయితే కనీసం కంటికి కనబడుతుంది.

పెద్దాయనకి ఇది తెలియదు. చాలా ఏళ్ల క్రితం ఒక రిపేరు షెడ్డులో ఇచ్చి చేయించారట. వంగి, నేను గీకిన చోట బొటనవేలితో రాసి చూసుకున్నారు. "అప్పుడు మొత్తం కొత్తది వేశామన్నారు బాబూ," అన్నారు మెల్లగా. ఆయన్ని నమ్మించి మోసం చేశారని నాకు చాలా బాధేసింది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

తర్వాత తలుపుల సందులు చూశాను. దీనికి పెద్ద సాధనం అక్కర్లేదు, అగ్గిపుల్ల చాలు. ఎడమ తలుపు వెనక అంచున పైనా కిందా ఒక్కో పుల్ల సరిగ్గా పట్టింది. కుడి తలుపుకి పైన పుల్ల దూరలేదు, కింద మూడు పుల్లలు పట్టాయి. నడుము దగ్గర బాడీ కిందికి వంగితే తలుపు చట్రం పైభాగం దగ్గరకొస్తుంది, కిందిది దూరం జరుగుతుంది. కుడివైపు వంగిందన్నమాట.

ఎడమవైపు జాకీ పెట్టి ఎత్తాను. సందు మారలేదు, తలుపు మామూలుగా పడింది. కుడివైపు జాకీ ఆనించి రెండుసార్లు తిప్పానో లేదో, కరకరమంటూ లోపలికి దిగబడింది. వెంటనే ఆపేశాను. జాకీ కింద గుప్పెడు ఎర్ర పెచ్చులు రాలి ఉన్నాయి.

ఆ క్షణంలో వద్దనుకుని వచ్చేసేవాణ్ణే. కానీ సగం చూసి తీర్పు చెప్పడం కారుకీ నాకూ న్యాయం కాదనిపించింది. ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే దూలం, అంటే క్రాస్‌మెంబరు, కింద చెక్క పెట్టి ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, కిందికి దూరాను. డ్రైవరు కాళ్ల దగ్గర నేల రేకుకి రెండు చిల్లులు. సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలు రెండూ పోయాయి. ఈ కార్లకి 1974 దాకా ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు పెట్టేవాళ్లు, అవి కూర్చునే చోటుకి యాసిడ్, తడి రెండూ తగులుతాయి. ఇవన్నీ రెండో పేజీలోకే వెళ్లాయి, కానీ సులువైనవే. ముందు చాసిస్ కాళ్లు, అంటే బాడీలోనే భాగంగా ఇంజిన్ పక్కల ముందుకి సాగే దూలాలు, మాత్రం ఎంత పొడిచినా మొన దిగలేదు. వెనక స్ప్రింగు పట్టలు బిగించే చోట గట్టి ఇనుము ఖంగుమని మోగింది. కళ్లలో మట్టి పడుతున్నా ఆ శబ్దం కోసం మళ్లీ మళ్లీ కొట్టాను.

వచ్చేముందు ఇంజిన్ ప్లగ్గులు నాలుగూ తీసి సిలిండర్లలో తలా కొంచెం పల్చటి ఆయిలు పోశాను. ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజిన్‌ని బ్యాటరీ పెట్టి ఒక్కసారిగా తిప్పితే పిస్టన్ రింగులు విరగొచ్చు. నానాలి.

మూడోసారి వెళ్లేటప్పుడు బాడీ పనిలో ఇరవై ఏళ్ల అనుభవమున్న వెల్డింగ్ అన్నని బతిమాలి తీసుకెళ్లాను. ఆయన కిందికి దూరి అరగంట మాట్లాడలేదు. ఈలోగా ఇంజిన్‌ని చేత్తో తిప్పి చూద్దామని నేను క్రాంకు పుల్లీ నట్టుకి పానా వేశాను. మొదట బిగుసుకుంది, తర్వాత వెంట్రుకవాసి కదిలింది, ఇంకాసేపటికి పూర్తి చుట్టు తిరిగింది. పెద్దాయన కళ్లు మెరిశాయి, నావీ మెరిశాయి. 1798 సీసీ బి-సిరీస్ ఇంజిన్ అది, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజిన్‌కి తోబుట్టువు. మొద్దు ఇనుము, విప్పడం సులువు, సామాను దొరుకుతుంది. అంత సంతోషంలోనూ నోటుపుస్తకంలో దాన్ని మొదటి పేజీలోనే రాశాను. అది తిరక్కపోయినా నా నిర్ణయం పెద్దగా మారేది కాదు.

అన్న బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "సిల్స్ రెండూ మొత్తం తీసెయ్యాలి తమ్ముడూ. ఒక్కో పక్కకి నలభై గంటలు వేసుకో. ఆ అతుకు రేకు ఊడదీస్తే లోపలేం బయటపడుతుందో, దానికింకో ఇరవై."

"తీసుకోమంటావా అన్నా?"

"చాసిస్ కాళ్లు, స్ప్రింగు చోటు పోయుంటే వద్దనేవాణ్ణి. అవున్నాయి. గంటలు నీకు భారం కాకపోతే తీసుకో."

నేను ముందే ఒక గీత గీసుకున్నాను. ఎంజీబీకి 1988 నుంచి బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ వాళ్లు పూర్తిగా కొత్త బాడీలే తయారుచేస్తున్నారు. పాత బాడీ పని ఖర్చు కొత్త బాడీ ధర దరిదాపులకి వెళ్తే ఇక ఆ కారుని బతికించడంలో అర్థం లేదు, అప్పుడు వదిలెయ్యాలి. అన్న చెప్పిన వంద గంటల్ని నూట పాతిక వేసుకున్నా లెక్క గీతకి ఇవతలే ఆగింది. ఒక్క పని మాత్రం ఎక్కువ జాగ్రత్తగా చేశాను, చాసిస్ నంబరు కాగితాలతో అక్షరం అక్షరం సరిచూసుకున్నాను.

పెద్దాయనకి రెండు పేజీలూ చూపించాను. సిల్స్‌కీ వెల్డింగ్‌కీ అయ్యేది తీసేసి మిగిలినదే నేనిచ్చేదని చెప్పాను. ఆయన ఒక రోజు అడిగారు. మర్నాడు ఫోను చేసి, "నువ్వు చూసినంతగా ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ చూడలేదు బాబూ, తీసుకెళ్లు," అన్నారు. వైరు చక్రాల నట్లు కొట్టే రాగి సుత్తి కూడా వెతికి చేతిలో పెట్టారు.

కారు వచ్చాక మొదటి పని ఇంజిన్ కాదు. కుడి తలుపు విప్పి, బాడీ నడుముని కొంచెం కొంచెంగా పైకి ఎత్తి, సందు సరిగ్గా వచ్చేదాకా తలుపు పెట్టి చూసుకుంటూ, ఆ చట్రానికి అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డ్ చేసి బిగించాం. వాటిని పెట్టకుండా సిల్ కోస్తే బాడీ వంగిన చోటే గడ్డకట్టిపోతుంది, ఇక ఎప్పటికీ తలుపు సరిగ్గా పడదు. రివెట్ల రేకు ఊడదీసినప్పుడు లోపలి నిలువు రేకు సగం పొడవునా లేనే లేదు, అర బకెట్టు తుప్పు పొడి మాత్రం ఉంది. అన్న చెప్పిన ఇరవై కాస్తా ఇరవై ఆరు గంటలైంది.

మొన్న కొత్త సిల్ పూర్తయ్యాక కడ్డీలు కోసేసి తలుపు బిగించాం. జేబులోంచి అగ్గిపుల్ల తీసి పెట్టి చూశాను. పైన ఒకటి పట్టింది, కింద ఒకటి పట్టింది. వచ్చే వారం ఎడమవైపు మొదలుపెడుతున్నాం.