కుంగిన స్ప్రింగులు మార్చడం

నా మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరానిది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకు వచ్చిన ఈ రెండు సీట్ల చిన్న కారుకు నాలుగు చక్రాల దగ్గరా డబుల్ విష్‌బోన్ సస్పెన్షనే (చక్రాన్ని పైనొకటి, కిందొకటి లోహపు ఆర్మ్‌లు పట్టి ఉంచే అమరిక) ఉంటుంది. అమెరికాలోని ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక, ఇన్నేళ్లలో స్ప్రింగులు కుంగడమే కాక బాగా తుప్పు పట్టాయి. ఈ వేసవి మొదట్లో నాలుగింటినీ మార్చాను.

పాతబడిన స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది నమ్ముతారు. కానీ స్ప్రింగు బిగువును నిర్ణయించేవి తీగ మందం, చుట్ట వ్యాసం, చుట్ల సంఖ్య, ఉక్కు స్వభావం. ఏళ్లు గడిచినంత మాత్రాన ఇవి పెద్దగా మారవు. తగ్గేది పొడవు. దానితో కారు కిందికి దిగి, గతుకు వచ్చినప్పుడు చక్రం పైకి లేవడానికి చోటు చాలక, ఆ కదలికను ఆపే బంప్ స్టాప్ అనే దిమ్మకు సస్పెన్షన్ తగులుతుంది; అందుకే కుంగిన కారు మెత్తగా ఊగడానికి బదులు నడుముకు తగిలేలా కొడుతుంది. చక్రాలు పైభాగంలో లోపలికి వాలి, టైరు లోపలి అంచు ముందుగా అరుగుతుంది. కుంగుదలను నేల నుంచి కొలిస్తే టైరులోని గాలిని బట్టి లెక్క మారిపోతుంది కాబట్టి, హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) అంచు వరకు కొలవడమే సరైనది.

విప్పి చూస్తే, కింది చుట్టు ఆనుకునే చోట బురద పేరుకుని, పెయింటు పొరలుగా లేచి, దాని కింద సన్నని గుంటలు కనిపించాయి. మెలిపెట్టే ఒత్తిడి తీగ ఉపరితలం మీదే అత్యధికంగా ఉంటుంది కనుక, పగులు ఇలాంటి గుంటల దగ్గరే మొదలవుతుంది. నన్నడిగితే కుంగుదల కంటే భయపడవలసింది దీనికే.

పనిలో ప్రమాదమంతా స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ దగ్గర ఉంది. రెండు కొక్కేలనూ ఎదురెదురుగా బిగించి, ఒక్కోవైపు కొద్ది చుట్లు మాత్రమే తిప్పుతూ, స్ప్రింగు వదులైందని చేత్తో కదిపి చూశాకే షాక్ అబ్జార్బరు పై నట్టు విప్పాలి. నట్లను వేగంగా తిప్పే ఇంపాక్ట్ గన్ వాడితే త్వరగా అవుతుంది కానీ ఆ తొందర ఇక్కడ పనికిరాదు.

తిరిగి బిగించేటప్పుడు సస్పెన్షన్ ఆర్మ్‌ల చివర కీళ్లలా ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను, చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా చేస్తే కారు దించగానే రబ్బరు మెలిపడి, అదే స్థితిలో ఉండిపోయి త్వరగా చిరుగుతుంది; పైగా ఎత్తు కూడా తప్పుగా కనిపిస్తుంది. బరువంతా చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు.

కొన్నాళ్లు నడిపి, స్ప్రింగులు కుదురుకున్నాక వీల్ అలైన్‌మెంట్ చేయించాను. వెనకభాగం ముందుకంటే ఎక్కువ లేచినందువల్ల హెడ్‌లైట్ల వెలుగు మరీ దగ్గరగా పడుతోంది. పైకి లేచే ఆ దీపాలను కూడా సరిచేయవలసి వచ్చింది.