నేను అబద్ధాలకోరునట!

శారీరక దారుఢ్యానికీ వ్యక్తిత్వ లక్షణాలకూ సంబంధం ఉందా అని ఒక పరిశోధక విద్యార్థి పీహెచ్‌డీ చేస్తున్నారు. గుంటూరులో మా క్లాసుకు వచ్చి అడిగితే పేరిచ్చాను. నిన్న సాయంత్రం ఆ తతంగం ముగిసింది. కోపం ఇంకా చల్లారలేదు.

ఎత్తు, బరువు, చేతి పట్టు, కాళ్లు చాచి కూర్చుని వేళ్లు ఎంతదాకా అందుతాయో చూడడం చిటికెలో అయిపోయాయి.

తర్వాత హార్వర్డ్ స్టెప్ టెస్ట్. అబ్బాయిలకు 20 అంగుళాల బల్ల, మాకు 16. నిమిషానికి 30 సార్ల చొప్పున 5 నిమిషాలు ఎక్కి దిగాలి. ఆపాక కుర్చీలో కూర్చోబెట్టి, ఒకటో, రెండో, మూడో నిమిషం నిండగానే అరనిమిషం చొప్పున నాడి లెక్కిస్తారు. నాకు 70, 60, 54 వచ్చాయి. ఎక్కిదిగిన సెకన్లను వందతో గుణించి, ఈ మూడింటి మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. నాది 81 దాటింది, 80 పైన ఉంటే మంచి దారుఢ్యం కిందే లెక్క. బ్యాడ్మింటన్ జట్టులో ఆడే అమ్మాయి మధ్యలోనే దిగిపోయింది. రోజూ కొత్తపేట నుంచి లాడ్జి సెంటర్ దాకా నడిచే నేను దిగలేదు. భోజనం చేసి మాత్రం వెళ్లకండి. నాడి పట్టుకునే అబ్బాయి ఫోను చూస్తుంటే మొహమాటపడకుండా చెప్పండి.

ఇక ప్రశ్నావళి. మనస్తత్వ శాస్త్రవేత్తలైన ఐసెంక్ దంపతులు 1975లో తెచ్చినది. 90 ప్రశ్నలు, అన్నిటికీ అవును, కాదు అనే జవాబులే. నలుగురిలో కలుస్తారా, ఊరికే దిగులు పడతారా వంటివి సరే. మధ్యలో కొన్ని వేరే రకం: ఇతరుల వస్తువు ఎప్పుడైనా తీసుకున్నారా, ఆటలో మోసం చేశారా, ఇచ్చిన మాట ప్రతిసారీ నిలబెట్టుకుంటారా. ఉన్నదున్నట్టు రాశాను.

కాగితాలు దిద్దుతున్న సహాయకుడు గది నిండా జూనియర్లు ఉండగా, "సార్, ఈ మేడమ్‌కి అబద్ధాల స్కోరు మరీ ఎక్కువ వచ్చింది, పక్కన పెట్టేద్దామా?" అని అరిచాడు. నవ్వులు. చెవులు కాలిపోయాయి.

పరిశోధకుడి దగ్గరకు వెళ్లి అడిగాను. "అంత మంచివాళ్లు ఎవరూ ఉండరమ్మా, అందుకే ఆ ప్రశ్నలు పెడతారు" అన్నారు తాపీగా. మా నాన్న మిర్చి యార్డులో కాటా దగ్గర గుమస్తా. బస్తాలోంచి రాలిన కాయను కూడా ఇంటికి తేని మనిషి. చిన్నప్పుడు పక్కింటి జామకాయ కోసినందుకు నన్ను తీసుకెళ్లి తిరిగి ఇప్పించారు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల ఆటలో మోసం చేయలేదని, మాట తప్పలేదని రాస్తే అది అబద్ధమా? పైగా జామకాయ సంగతి ఆ కాగితం మీద ఒప్పుకున్నాను కూడా!

రాత్రి కూర్చుని చదివాను. ఆ స్కోరు అబద్ధాన్నే కాదు, సమాజం మెచ్చేలా నడుచుకునే స్వభావాన్ని కూడా చూపవచ్చని ఐసెంక్ దంపతులే చర్చించారు. అబద్ధమాడడం వల్ల ఏ ప్రయోజనమూ లేనప్పుడు మరీను. నాకు ఇందులో ఉద్యోగమా, మార్కులా? ఈ మాట పరిశోధకుడికి తెలియదా, తెలిసీ చెప్పలేదా? నడుము చుట్టుకొలత తెర వెనుక తీసుకున్నవారికి మనిషి గుణం చాటుగా చెప్పాలని తోచకపోవడం ఏమి చదువో!

అంగీకార పత్రం మీద వివరాలు గోప్యంగా ఉంచుతామని రాసి ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆ వాక్యం కింద గీత గీయండి. ఎవరు దిద్దుతారో, ఫలితం ఎవరి ముందు చెబుతారో నోటితో అడగండి. కొత్తగా చేరిన సహాయకుల చేతికి మీ కాగితం ఇవ్వకండి.

రెండో విడత కొలతలకు రమ్మని ఈ ఉదయం కబురు వచ్చింది. బల్ల ఎక్కి దిగడానికి వస్తాను, ప్రశ్నావళి మాత్రం ముట్టను, ముందు ఆ అరిచిన సహాయకుడు అదే గదిలో అదే జూనియర్ల ముందు క్షమాపణ చెప్పాలి అని రాసి పంపాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు.