దీజర్, దోజర్, దూజర్

మొన్న శనివారం మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఫ్రెంచ్ లిజనింగ్ టెస్ట్ పెట్టా. ఫోన్లో వదిలిన వాయిస్ మెసేజ్ టైపు ఆడియో. ఒకమ్మాయి వాళ్ళ నానమ్మకి చెప్తుంది, నా ట్రైన్ ఇన్నింటికి వస్తుంది, స్టేషన్ కి రా అని. ప్రశ్న, ట్రైన్ ఎన్నింటికి? ఆప్షన్లు 10, 2, 12. ఇందులో ఏముంది పెద్ద అనిపిస్తుంది గానీ ఫ్రెంచ్ లో పదింటికి అంటే దీజర్, రెండింటికి అంటే దోజర్, పన్నెండింటికి అంటే దూజర్. మొత్తం తేడా అంతా ఒక్క అచ్చులో ఉంది. అందులోనూ ఆ దో అన్నది మన ఓ కాదు, పెదాలు ఓ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ఏ అనాలి, మన నోటికి లేని అచ్చు, నోటికి లేనిది చెవికి దొరకడం కష్టం.

31 మంది ఉన్న క్లాసులో 31 మందీ 2 అని కరెక్ట్ గా పెట్టారు. నా ఆనందం చూడాలి, స్టాఫ్ రూమ్ లో స్వీట్లు పంచడం ఒక్కటే తక్కువ. ఇంటికొచ్చాక ఎందుకో అనుమానమొచ్చి ఆడియో మళ్ళీ విన్నా. ఆ అమ్మాయి దోజర్ అన్న వెంటనే "అప్రె ల్ దెజనే" అంటుంది, అంటే మధ్యాహ్నం భోజనం అయ్యాక అని. భోజనాల తర్వాత అంటే పొద్దున పది కాదు, పన్నెండూ కాదు, ఇంక మిగిలింది రెండే కదా. ఆ అచ్చు ఒక్కడికైనా వినపడిందో లేదో నాకు తెలీదు.

సోమవారం అదే ఆడియోని ఆ భోజనం ముక్క కత్తిరించి మళ్ళీ వినిపించా. 31 మందిలో 11 మంది. అది కూడా కొంతమంది శనివారం పెట్టిన ఆన్సర్ గుర్తు పెట్టుకుని ఉంటారు, నా దగ్గరా ఈ మాత్రం తెలివి తక్కువే.

అయితే శనివారం వాళ్ళకి మార్కులు ఇవ్వకూడదా అంటే, ఇవ్వాలి. భోజనం మాట పట్టుకుని టైమ్ ఊహించడం మోసం కాదు, అసలు మనం రోజూ వినేది అలాగే. రైల్వే స్టేషన్లో అనౌన్స్ మెంట్ సగం వినపడదు, ప్లాట్ ఫారం నంబరు చెవిన పడగానే మిగతాది మనమే అల్లేసుకుంటాం. నా గొడవ ఎక్కడంటే, నేను మార్కుల రిజిస్టర్లో "అచ్చుల తేడా గుర్తిస్తున్నారు" అని రాసుకుని తర్వాతి పాఠానికి వెళ్ళిపోబోయా. అర్థం చేసుకోవడం వేరు, శబ్దం పట్టుకోవడం వేరు, రెండూ కలిపి ఒకే ప్రశ్నలో పడేసి నాకు కావాల్సింది దొరికిందనుకున్నా.

ఇదేం కొత్త కాదు నాకు. నేను ఇంటర్ లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్, అప్పట్లో అందరూ ఎందుకు తీసుకునేవాళ్ళో మీకూ తెలుసు, స్కోరింగ్ సబ్జెక్టు. 97 వచ్చాయి. ఆ రెండేళ్ళలో ఒక్క ఫ్రెంచ్ వాళ్ళ గొంతు కూడా వినలేదు, మా సార్ చదివితే విన్నదే ఫ్రెంచ్. ఆ ధైర్యంతో డిగ్రీలో డెల్ఫ్ బీ1, అంటే మధ్యస్థాయి పరీక్ష, రాశా. తెలియనివాళ్ళకి, డెల్ఫ్ అంటే ఫ్రెంచ్ ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్, 1985 నుంచి ఉంది, వినడం చదవడం రాయడం మాట్లాడడం నాలుగూ తలా 25, మొత్తం 100కి 50 వస్తే పాస్, కానీ నాలుగింటిలో దేంట్లోనూ 5 కంటే తగ్గకూడదు. నాకు లిజనింగ్ లో 6.5. ఇంకొక్క రెండు మార్కులు పోయుంటే మిగతా మూడింట్లో ఎంత ఇరగదీసినా ఫెయిల్. మొదటి ఆడియో అయిపోయేసరికి నాకు అర్థమైంది "బోఁజూర్" ఒక్కటే.

ఎందుకలా అంటే మా సార్ ఒక్కో పదం విడదీసి విడదీసి చదివేవారు. లే. ఆమి. అని. నిజం ఫ్రెంచ్ వాళ్ళు లెజామీ అంటారు. మధ్యలో ఆ జ ఎక్కడ్నుంచి ఊడిపడిందో తెలీక కొత్త పదమేమో అని బుర్ర బద్దలు కొట్టుకోవడం. దీన్ని వాళ్ళు లియెజోఁ అంటారు, మా పిల్లలకి నేను సంధి అని చెప్తా. ఏమిటి అది అని రాస్తాం, ఏమిటది అంటాం, అంతే. తెలుగు పేపర్లో "విడదీసి సంధి పేరు రాయండి" అని ప్రశ్న వస్తుంది కదా, ఫ్రెంచ్ వినడం అంటే ఆ ప్రశ్నే, కాకపోతే పరిగెడుతూ రాయాలి. దానికి తోడు మింగేయడాలు. పుస్తకంలో "జ న సే పా" (నాకు తెలీదు) అని నాలుగు ముక్కలుగా ఉండే మాట రోడ్డు మీద "షేపా" అయిపోతుంది. ఉంది అనడానికి వాడే "ఇల్యా" కాస్తా "యా". "ఇల్ జోఁ" అంటే వాళ్ళకి ఉంది, "ఇల్ సోఁ" అంటే వాళ్ళు ఫలానా, ఆ జ మన జడలో జ లాంటిది, అది కాస్త స లాగా వినపడిందా కథ మొత్తం మారిపోతుంది. చివర్లో ముక్కుతో పలికే అచ్చులుంటాయే, వాటికి నేను బోర్డు మీద అరసున్న పెడతా. మన భాషలో ఎప్పుడో పనిలేకుండా పోయిన అక్షరానికి ఫ్రెంచ్ క్లాసులో ఉద్యోగం దొరికింది.

సరే టెస్టుల గురించి కదా. నేను చేసిన ఘనకార్యాల్లో ఇంకోటి, ఫోన్ నంబర్ల డిక్టేషన్. ఫ్రాన్స్ లో ఫోన్ నంబరు రెండేసి అంకెలు చొప్పున చెప్తారు. పది అంకెలు, ఐదు జతలు. వినడానికి తేలిక, కానీ వాళ్ళకి డెబ్భైకి సొంత పేరు లేదు, అరవై-పది అంటారు. 72 అంటే అరవై-పన్నెండు. తొంభై ఇంకా ఘోరం, 95 అంటే నాలుగిరవైలు-పదిహేను. బెల్జియం వాళ్ళూ స్విట్జర్లాండ్ వాళ్ళూ కాస్త దయగల మనుషులు, సెప్తాఁత్ నోనాఁత్ అని విడిగా పేర్లు పెట్టుకున్నారు, పరీక్షల్లో మాత్రం ఎక్కువగా వచ్చేది ఫ్రాన్స్ లెక్కే. 06 72 95 అని చెప్తే ఒక పిల్లాడు 06 60 12 4 20 15 అని రాశాడు. ఠక్కున సున్నా వేసేశా, పైగా వినరా బాబూ అని ఎర్ర ఇంకుతో కామెంటు. రాత్రి పడుకున్నాక తట్టింది, క్లాసులో అందరికంటే బాగా విన్నది వాడే. సువాసాఁత్, దూజ్, కాత్ర్, వాఁ, కాఁజ్, ఒక్క శబ్దం కూడా వదల్లేదు. వాడికి రానిది వినడం కాదు, కూడడం, గుణించడం. మర్నాడు వాడి పేపర్ తీసుకుని కామెంటు కొట్టేసి సగం మార్కులు వేశా. మేడమ్ అది తప్పే కదా అని వాడే నాతో వాదించాడు.

ఇంకో అమ్మాయి. రెస్టారెంట్ ఆడియో, ఏం ఆర్డర్ చేశాడు? చికెన్, ఫ్రెంచ్ లో పూలె. అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో పి డబుల్ ఓ ఎల్ ఇ అని రాసింది. అసలు స్పెల్లింగు వేరే. ఏళ్ళ తరబడి ఇలాంటి వాటికి మార్కులు కోశా, ఒకళ్ళిద్దరికి కాదు. పిల్ల విన్నది, అర్థమైంది, చికెన్ అని తెలుసు, మరి నేను ఏం దిద్దుతున్నట్టు? స్పెల్లింగు. అదైతే డిక్టేషన్ అని పేరు పెట్టి విడిగా పెట్టుకోవాలి. ఇప్పుడు కింది క్లాసులకి జవాబు తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా కోడి బొమ్మ గీసినా ఫుల్ మార్కులు, మా కోఆర్డినేటర్ కి నచ్చదు గానీ. డెల్ఫ్ వాళ్ళు కూడా 2020 నుంచి తెచ్చిన కొత్త పద్ధతిలో వినే పేపర్లో రాసే జవాబులు తీసేసి అన్నీ టిక్కులే చేశారు.

టిక్కులు పెడితే అంతా సుఖమే అనుకోకండి. అక్కడే మా బావగారి ఎంట్రీ. అక్క వాళ్ళాయన, కరెంటు కాంట్రాక్టులు చేస్తారు, ఫ్రెంచ్ లో మెర్సీ కూడా రాదు. దసరాకి వచ్చినప్పుడు నేను తయారుచేసిన పేపర్ ఒకటి చేతిలో పెట్టి, ప్రశ్నలు తెలుగులో చదివి చెప్పి, ఆడియో వినిపించకుండా టిక్కులు పెట్టమన్నా. మూడేసి ఆప్షన్లు, 10 ప్రశ్నలు. కళ్ళు మూసుకుని పెట్టినా మూడు రావాలి. ఆయనకి 7 వచ్చాయి. ఏడు! ఆడియో వినకుండా, భాష రాకుండా.

ఎలా బావగారూ అంటే ఆయన చెప్పింది మా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. "నువ్వు కరెక్ట్ జవాబు ఎప్పుడూ పొడుగ్గా రాస్తావమ్మా, తప్పువి పొట్టిగా ఉంటాయి. కాఫీ షాపులో ఏం అడిగాడు అని, కాఫీ, చెప్పులు, బస్సు టికెట్టు అని ఇస్తే చెప్పులు ఎవడు పెడతాడు? మూడో ప్రశ్నలో వాడికి జ్వరం అని నువ్వే చెప్పేసి ఐదో ప్రశ్నలో ఎందుకు రాలేదు అని అడిగావు." సిగ్గేసింది నిజంగా. అప్పట్నుంచి ఏ పేపరైనా ముందు ఆయనకి వాట్సాప్ లో వెళ్తుంది. తప్పు ఆప్షన్లు ఎలా ఉండాలంటే ఆ పదం ఆడియోలో వినపడాలి కానీ అది జవాబు కాకూడదు. కాఫీ తీసుకుందామనుకున్నా కానీ టీ చాలు అన్నాడనుకోండి, రెండూ వినపడ్డాయి, మధ్యలో "కానీ" అన్నాడు, దాన్ని పట్టుకున్నవాడికే మార్కు. మరీ ఉచ్చులు పన్నినా బాగుండదు, అది మళ్ళీ తెలివితేటల పరీక్ష అయి కూర్చుంటుంది.

సాయంత్రాలు ఆన్ లైన్ లో పెద్దవాళ్ళ బ్యాచ్ ఒకటి ఉంది నాకు, అందరూ కెనడా పీఆర్ కోసం. 2023లో ఎక్స్ ప్రెస్ ఎంట్రీలో, అంటే పీఆర్ కి మనుషుల్ని ఎంచుకునే కెనడా పద్ధతిలో, ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి విడిగా డ్రాలు మొదలయ్యాక మన వాళ్ళలో ఫ్రెంచ్ మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది, నాకూ నాలుగు రూపాయలు వస్తున్నాయి, కాదనను. వీళ్ళు రాసే ఫ్రెంచ్ పరీక్ష టీసీఎఫ్ కెనడాలో లిజనింగ్ 39 ప్రశ్నలు, 35 నిమిషాలు, ఆడియో ఒక్కసారే. వాళ్ళకి కావాల్సిన ఎన్‌సీఎల్‌సీ 7 కి (కెనడా వాళ్ళ ఫ్రెంచ్ స్థాయిల కొలమానంలో ఏడో మెట్టు) 458 స్కోరు. అందులో ఒకతను, సాఫ్ట్ వేర్, మాక్ టెస్టుల మీద మాక్ టెస్టులు చేసి 39కి 35, 36 తెచ్చుకుంటున్నాడు. ఒకరోజు క్యూబెక్ వాళ్ళ మాటలు రెండు నిమిషాలు వినిపించి ఏమన్నారో తెలుగులో చెప్పండి అన్నా. నిశ్శబ్దం. మ్యూట్ లో ఉన్నారేమో అనుకున్నా. ఏం లేదు, ఆ మాక్ టెస్టులు తిప్పి తిప్పి చేసి ప్రశ్న నంబరు చూస్తేనే జవాబు గుర్తొచ్చే స్థితికి వచ్చాడు పాపం. క్యూబెక్ వాళ్ళు తూ ని త్సూ అంటారు, మార్దీ ని మార్ద్జీ అంటారు, నిజానికి మన చాపలో చ, జడలో జ తెలిసిన చెవులకి అది అంత దూరం కాకూడదు. ఇప్పుడతను రోజూ ఫ్రాన్స్ రేడియో ఆర్ఎఫ్ఐ వాళ్ళ తేలిక ఫ్రెంచ్ వార్తలు పది నిమిషాలు విని నాకు తెలుగులో వాయిస్ నోట్ పెడుతున్నాడు. మాక్ స్కోరు చెప్పొద్దన్నా. ఆ నోట్లు వింటే తెలిసిపోతుంది, ఎక్కడ తడబడ్డాడో ఎక్కడ కల్పించాడో. అసెస్ మెంట్ అంటే నాకు ఇదే బాగుంది, కాకపోతే 31 మంది పిల్లలతో చేస్తే నేను నిద్రపోయేది ఎప్పుడు.

అన్నట్టు స్పీకరు సంగతి. స్కూల్లో నాది అరచెయ్యంత బ్లూటూత్ స్పీకరు, టీచర్ టేబుల్ మీద. పైన నాలుగు ఫ్యాన్లు, కిటికీ అవతల పీఈటీ సార్ విజిల్. వెనక బెంచీ వాళ్ళకి లిజనింగ్ లో ఎప్పుడూ తక్కువే, వెనక కూర్చునేవాళ్ళు అంతేలే అనుకునేదాన్ని. రెండోసారి ఆడియో వేసేటప్పుడు స్పీకరు చేత్తో పట్టుకుని గది మధ్యలో నిలబడి ఫ్యాన్లు ఆపేస్తే అదే వెనక బెంచీ నుంచి ముగ్గురు టాప్ లోకొచ్చారు. చెమటలు పట్టాయని కంప్లైంట్ మాత్రం వచ్చింది. ఆడియో రెండుసార్లు ఎందుకు, ఒకసారి చాలదా అని సీనియర్ మేడమ్ ఒకావిడ అంటూ ఉంటారు. ఫోన్లో సరిగా వినపడకపోతే మనం ఆఁ? అని అడగమా, ఫ్రెంచ్ వాళ్ళు పార్దోఁ? అనరా, ఆ మాత్రం హక్కు పిల్లలకీ ఉండాలి కదా.

వచ్చే శనివారానికి కొత్త పేపర్ రెడీ. మళ్ళీ రైలే, ఈసారి భోజనం లేదు, నానమ్మ లేదు, దీజర్ దోజర్ దూజర్ మూడూ మెసేజ్ లో వినపడతాయి, ఒకటి ట్రైన్ బయల్దేరేది, ఒకటి చేరేది, ఒకటి సినిమా. ఆప్షన్లన్నీ ఒకే పొడుగు, స్కేలు పెట్టి కొలిచా. నిన్న రాత్రి బావగారికి పంపిస్తే పొద్దున టిక్కులు పెట్టి పంపారు, కింద "ఈసారి పేపర్ ఏం బాలేదమ్మా" అని.

10కి 3. ప్రింట్ కి ఇచ్చేశా.