బెదిరే గుర్రానికి డీసీఎం అలవాటు: మేఘ ఎంతవరకు వచ్చిందంటే

మా మేఘ మార్వాడీ ఆడగుర్రం. మనుషుల దగ్గర నెమ్మదిగా ఉంటుంది, దీపావళి టపాసులకు కూడా పెద్దగా బెదరదు. డీసీఎం (మధ్యరకం లారీ) వెనక ఉండే డాలా, అంటే కిందికి వాలే తలుపు, దించిన చప్పుడు వింటే మాత్రం మెడంతా చెమటతో తడిసిపోయేది. మా దగ్గరికి రాకముందు దాన్ని రాత్రంతా లారీలో తెచ్చారట. ఇనుప నేల మీద జారి పడిందని, వెనక కాలి మీద మచ్చ అప్పటిదేనని అమ్మినవాళ్లే చెప్పారు.

షికారు వరకే అయితే చేవెళ్ల చుట్టుపక్కల పొలాల గట్లు చాలు, బండితో పనే లేదు. కానీ గుర్రానికి కోలిక్ అనే కడుపునొప్పి వస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. వాంతి చేసుకోవడం కూడా దానికి చేతకాదు. అర్ధరాత్రి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాల్సి వస్తే, ఆ టెన్షన్‌లో బండి ఎక్కడం ఎలా నేర్పుతాం? అందుకే నొప్పీ తొందరా లేని రోజుల్లోనే మొదలుపెట్టాం.

ముందు గుర్రం జోలికి పోకుండా బండి సంగతి చూశాం. గుర్రం బెదురులో సగం కాళ్ల కింద నేల వల్లే అని నా నమ్మకం. 1978 నాటి జంతు రవాణా నియమాల్లో గుర్రాలకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. నేల జారకుండా కొబ్బరి పీచు పట్టా గానీ చెక్కలు గానీ వేయాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్యలో కనీసం 8 సెంటీమీటర్ల లావు వెదురు బొంగులు, వెనక రెండు గట్టి అడ్డకర్రలు ఉండాలి. ఎదురొచ్చే బండ్లను చూసి బెదరకుండా తల ఎడమవైపు ఉండాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. రాసినవాళ్లెవరో గానీ గుర్రాన్ని బాగా ఎరిగినవాళ్లు. మేం రబ్బరు మ్యాట్ పరిచి, దాని మీద పీచు పట్టా కట్టి, పైన రంపపు పొట్టు చల్లాం.

డీసీఎం నేల దాదాపు మూడున్నర అడుగుల ఎత్తు. పొట్టి చెక్క వేస్తే నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి 12 అడుగుల ర్యాంపు చేయించాం. ఎక్కించే ముందు దాన్ని నేల మీదే పరిచి, కింద ఖాళీ లేకుండా ఇసుక బస్తాలు పెట్టాం. గిట్ట పడగానే డబడబమని బోలు చప్పుడు వస్తే చాలు, గుర్రం ఇక ముందుకు రాదు. ఆ చెక్క మీద నడవడం, ఆగడం, వెనక్కి రావడం మామూలయ్యాకే ఒక చివర పైకి లేపాం.

తాడు దగ్గర, గుర్రాన్ని చూసుకునే మా సైస్ చాచా చెప్పిన మాటే నాకు పాఠం: "లాగకమ్మా. నువ్వు ఒకటి లాగితే అది పది లాగుతది." తాడును సన్నగా బిగువుగా పట్టుకుని ఆగడమే. ఒక్క కాలు ముందుకు పడిందా, ఆ క్షణమే వదులు చేయాలి. ఆ వదులే దానికి బహుమానం, బెల్లం ముక్క తర్వాత సంగతి. పైదాకా ఎక్కించాలనే ఆశ పెట్టుకోలేదు. సగం ఎక్కి దిగడమే మళ్లీ మళ్లీ చేయించాం, ఎందుకంటే దిగే దారి ఉందని తెలిసిన గుర్రమే ధైర్యంగా ఎక్కుతుంది.

మేఘ మనసు చెవుల్లో కనిపిస్తుంది. మార్వాడీల చెవుల కొసలు లోపలికి వంపు తిరిగి ఒకదానికొకటి తగులుతాయి. బండి ముందు నిలబడితే ఒక చెవి లోపలి చీకటి వైపు, రెండోది నా వైపు. ముక్కుపుటాలు గుండ్రంగా విచ్చుకుని, పెదవి బిగుసుకుని ఉంటుంది. అలాగే ఉండనిస్తే కాసేపటికి తల దించి, ఫుర్రుమని చీది, ఏమీ లేకపోయినా నోరు నములుతుంది. అప్పుడే తర్వాతి అడుగు అడుగుతాను. దవడ కింద వేలు పెట్టి నాడి కూడా చూస్తాను. తీరికగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. మొదట్లో ర్యాంపు దగ్గరే 60 దాటేది, ఇప్పుడు 40 చుట్టూ ఉంటోంది.

ఎండలోంచి చీకట్లోకి వస్తే గుర్రం కన్ను సర్దుకోవడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి టార్పాలిన్ ముందువైపు పైకి చుట్టేసి, ఎండ తగ్గాకే ఎక్కిస్తున్నాం.

లోపల క్రమం తప్పకూడదు. మొదట వెనకవైపు అడ్డకర్ర వేసి, ఆ తర్వాతే తాడు కట్టాలి. దించేటప్పుడు ముందు తాడు విప్పి, తర్వాత కర్ర తీయాలి. కట్టేసి ఉన్న గుర్రం వెనక ఖాళీ చూసి వెనక్కి పోతే, తాడు బిగిసి పిచ్చెత్తిపోతుంది. తాడును నేరుగా రాడ్‌కి కాకుండా సుతిలి ఉచ్చుకు కడతాం, అంతగా గుంజితే అదే తెగుతుంది. తల కిందికి దించుకునేంత వదులు ఉండాలి. గంటల తరబడి తల ఎత్తే ఉంచితే దుమ్ము బయటికి పోక ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. గడ్డి కూడా తడిపే పెడతాం.

ఇంజిన్ ఆన్ చేసి గడ్డి తిననిచ్చాం, తర్వాత ఫామ్ లోపలే ఫస్ట్ గేర్‌లో తిప్పాం. డ్రైవర్‌కి చెప్పింది ఒకటే: వెనక నిండు బిందె ఉందనుకుని బ్రేకు వెయ్యి. ఇప్పుడు చేవెళ్ల రోడ్డు మీదికి కూడా వస్తున్నాం. మర్రిచెట్ల కింద వెలుగూ నీడా గబగబా మారుతుంటే మొదట కాళ్లు తెగ మార్చింది. ఆ వైపు గోనెపట్టా కట్టాక తిండి మీద పడింది. నాకు చెప్పలేనంత సంతోషం.

దిగడం ఇంకా కుదరలేదు. కర్ర తీయగానే ఒక్క ఉదుటున వెనక్కి వచ్చేస్తోంది. రొమ్ము మీద చెయ్యి పెట్టి, ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు అని నేర్పుతున్నాం. ర్యాంపు మధ్యలో ఆగడం ఈమధ్యే మొదలైంది. అది స్థిరపడ్డాక రాత్రి సాధన. టార్చి కళ్లలో పడకుండా ర్యాంపు మీదే పడేలా ఒక మనిషి పట్టుకోవాలి, ఆ పని చాచా ఒప్పుకున్నాడు.